ఎలాగూ వెళ్లిపోతాం కదా

మా నాన్నగారు రైల్వేలో క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో జూనియర్ ఇంజనీరు. మేము పుట్టాక ఇప్పటికి రాయగఢ్, శహడోల్, బిలాస్‌పూర్ మూడు ఊళ్లు చూశాం, నాలుగు ఇళ్లు మారాం. బిలాస్‌పూర్‌లో క్వార్టరు వెంటనే దొరకలేదు కాబట్టి లాల్‌ఖదాన్‌లో ఒక ఇంట్లో అద్దెకు ఉన్నాం. లాల్ అంటే ఎరుపు, ఖదాన్ అంటే గని. రైలు పట్టాలు మా ఇంటికి ఎంత దగ్గరంటే, కోర్బా వైపు నుంచి బొగ్గు నింపుకున్న గూడ్సు బండి వస్తే వంటింట్లో గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనేవి. బండి వెళ్లిపోయాక వంటింట్లో ఇంకో చప్పుడు మిగిలేది. టప్, టప్, టప్. అది మా సింకు కుళాయి.

మేము ఈ వ్యాసం రాస్తున్నది ఆ సింకు గురించే. సింకు గురించి రాయడానికి ఏముంటుందని మా స్నేహితులు నవ్వారు. మేమూ మొదట అలాగే అనుకున్నాం.

ఆ ఇంట్లో దిగిన రోజే సింకులో మూడు లోపాలు కనిపించాయి. కుళాయి ఎంత బిగించినా సరిగా కట్టదు. సింకు అడుగున జాలీ దగ్గర నుంచి నీళ్లు కారుతూ ఉంటాయి. కింద ముడతల ప్లాస్టిక్ పైపును నేలలోని తూములోకి ఊరికే దూర్చేశారు. పైపుకూ తూముకూ మధ్య నాలుగు వేళ్లు పట్టేంత సందు. అక్కడి నుంచి వాసన వచ్చేది, రాత్రిళ్లు బొద్దింకలు వచ్చేవి.

అమ్మ సింకు కింద ఒక బకెట్టు పెట్టింది. రోజూ సాయంత్రం దాన్ని పారబోసే పని మా ఇద్దరిదీ. బాగు చేయిద్దామా అని అమ్మ రెండుసార్లు అడిగింది. "క్వార్టరు వచ్చేస్తే ఎలాగూ వెళ్లిపోతాం కదా" అన్నారు నాన్న. ఆ మాట మాకు కొత్త కాదు. గోడకు మేకు కొట్టకపోవడానికీ, పెరట్లో మొక్క నాటకపోవడానికీ, పక్కింటివాళ్ల పేర్లు నేర్చుకోకపోవడానికీ మా ఇంట్లో ఎప్పుడూ అదే కారణం. మీ ఇళ్లలో కూడా ఈ మాట వినిపిస్తూనే ఉంటుంది.

నిజానికి నాన్న ఉద్యోగమే లీకులు పట్టుకోవడం. బండి బయలుదేరే ముందు పెట్టెల మధ్య గొట్టాలను వాళ్లు పరీక్షిస్తారు. బ్రేకు పైపులో గాలి చదరపు సెంటీమీటరుకు 5 కిలోల ఒత్తిడితో ఉంటుంది. ఎక్కడైనా గాలి కారి ఒత్తిడి పడిపోతే బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. బండి ఎంత పొడుగున్నా, గాలి కారే చోటును నాన్న చెవితోనే పట్టేస్తారని ఆయన స్నేహితులు చెబుతారు. అలాంటి మనిషి ఇంట్లో నాలుగు నెలలు బకెట్టు పెట్టుకుని ఉన్నాం. దీపం కింద చీకటి అంటే ఇదే.

ఇక మా తప్పు చెప్పాలి.

బదిలీ అయ్యే ప్రతి ఇంట్లో ఎప్పుడూ విప్పని అట్టపెట్టె ఒకటి ఉంటుంది. మా ఇంట్లోనూ ఉంది. రాయగఢ్‌లో కట్టిన తాడు శహడోల్‌లో విప్పలేదు, ఇక్కడా విప్పలేదు. సామాను సర్దిన రోజు అమ్మ దాన్ని అటక మీద పెట్టమంది. బరువుగా ఉంది. తర్వాత పెడదాంలే అని మేమిద్దరం దాన్ని సింకు కిందికి తోసేశాం. మళ్లీ ఎలాగూ లారీ ఎక్కించాల్సిందే కదా అనుకున్నాం.

దసరా సెలవులకు అమ్మమ్మ ఊరు ఆమదాలవలస వెళ్లాం. కోర్బా-విశాఖపట్నం ఎక్స్‌ప్రెస్ ఎక్కి విజయనగరంలో దిగి, అక్కడి నుంచి ఇంకో బండిలో వెళ్తాం. బయలుదేరే రోజు బకెట్టు నువ్వు పారబోశావనుకున్నానంటే నువ్వు పారబోశావనుకున్నానని తర్వాత ఇద్దరం వాదించుకున్నాం. ఇద్దరం పారబోయలేదు. పారబోసినా లాభం ఉండేది కాదని తర్వాత లెక్క వేస్తే తెలిసింది.

తొమ్మిది రోజుల తర్వాత తలుపు తీస్తే వంటింట్లో నీళ్లు. కుళాయి నుంచి కారిన చుక్కలు సింకులో పడి, జాలీ దగ్గర కొన్ని కిందికి జారి, బకెట్టు నిండి పొర్లి, అట్టపెట్టె అడుగు నానిపోయింది. అమ్మ పెట్టెను ఎత్తబోతే అడుగు ఊడి చేతికొచ్చింది.

అందులో పాత స్వెట్టర్లు, మా చిన్నప్పటి బొమ్మలు, వాటన్నిటికంటే కింద అమ్మమ్మ నోటు పుస్తకం ఉన్నాయి. అమ్మ పెళ్లయి వచ్చేటప్పుడు అమ్మమ్మ రాసి ఇచ్చిన పుస్తకం అది. ఆవకాయ, మాగాయ, సున్నుండలు, బాలింత పత్యం అన్నీ అందులో ఉన్నాయి. చివరి రెండు పేజీల్లో తాతయ్య చేతి రాత. ఆమదాలవలస ఇంటి పెరట్లో నుయ్యి తవ్వించినప్పుడు రోజుకు ఎంతమంది వచ్చారు, ఎవరికి ఎంత ఇచ్చారు, ఎన్నో రోజున నీరు పడింది అనే లెక్క. తాతయ్యను మేము చూడలేదు.

అమ్మమ్మ బాల్ పెన్నుతో రాసింది. బాల్ పెన్ను సిరాలో నూనె ఉంటుంది కాబట్టి నీళ్లకు తొందరగా కరగదు. అక్షరాలు అలుక్కుపోయినా చాలావరకు నిలిచాయి. తాతయ్య సిరా పెన్నుతో రాశారు. ఆ రెండు పేజీలూ లేత నీలం రంగు మరకలుగా మిగిలాయి. అమ్మ మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఫ్యాను కింద పాత చీర పరిచి, పేజీలు ఒక్కొక్కటే విడదీసి ఆరబెట్టింది. తిడితే బాగుండేదనిపించింది.

ఆ రాత్రి నాన్న సింకు కింద టార్చిలైటు వేసి చాలాసేపు చూశారు. "ఆదివారం పని పెట్టుకుందాం. మీరిద్దరూ నా దగ్గరే ఉండాలి" అన్నారు.

ముందుగా నష్టం ఎంతో కొలవమన్నారు. కారే కుళాయి కింద 200 మిల్లీలీటర్ల గ్లాసు పెట్టి గడియారం చూశాం. 15 నిమిషాలకు నిండింది. అంటే గంటకు 800 మిల్లీలీటర్లు, రోజుకు 19 లీటర్ల పైమాట. మా బకెట్టు పట్టేది 15 లీటర్లు. తొమ్మిది రోజుల్లో 170 లీటర్లకు పైగా మా కుళాయి నుంచి వృథాగా కారాయి. అందులో ఎక్కువ భాగం తూములోకి పోయినా, కిందికి జారినవాటికి ఆ బకెట్టు ఏ మూలకూ చాలదు. ఇంట్లో లేనప్పుడు చేయాల్సిన పని బకెట్టు ఖాళీ చేయడం కాదు, మేడ మీద ట్యాంకు దగ్గర వాల్వు కట్టేయడం. ఆ వాల్వు ఎక్కడుందో మాలో ఎవరికీ తెలియదు. ఇంటివాళ్లకు ఫోన్ చేసి అడిగాం. బాగు చేయడానికి అనుమతి కూడా అడిగాం. చేయించుకోండి, సగం ఖర్చు అద్దెలో తగ్గించుకోండి అన్నారు. నాలుగు నెలల ముందు అడిగి ఉంటే అప్పుడూ అదే మాట అనేవారేమో.

ఆదివారం పొద్దున్న వాల్వు కట్టి, కింద కుళాయి తిప్పి పైపులో మిగిలిన నీళ్లు వదిలేశాక పని మొదలుపెట్టాం. కుళాయి విప్పితే లోపల ఒక చిన్న రబ్బరు వాషరు కనిపించింది. పిడి తిప్పినప్పుడు ఆ వాషరు కిందికి దిగి రంధ్రాన్ని మూయాలి. అది గట్టిపడి, మధ్యలో గాడి పడింది. కట్టడం లేదని అందరం ఇంకా గట్టిగా బిగించాం. బిగించిన కొద్దీ గాడి లోతయింది. అయిదు రూపాయల కొత్త వాషరు వేశాం. అయినా కారింది. వాషరు కూర్చునే ఇత్తడి అంచు కూడా తినేసి ఉందని నాన్న వేలితో తడిమి చూపించారు. అందుకని కుళాయే మార్చాం. కొత్తదానిలో రబ్బరు వాషరు బదులు రెండు సిరామిక్ బిళ్లలు ఒకదానిపై ఒకటి ఉంటాయి. పిడిని పావు చుట్టు తిప్పితే వాటి రంధ్రాలు ఎదురెదురుగా వచ్చి నీళ్లు వస్తాయి, వెనక్కి తిప్పితే ఆగిపోతాయి. బలంగా బిగించే పనే లేదు. దాని మెడ పొడుగు, అటూ ఇటూ తిరుగుతుంది, పెద్ద గిన్నె కూడా కింద పడుతుంది.

మరలకు తెల్లటి టెఫ్లాన్ టేపు చుట్టే పని మాలో చిన్నవాడికి ఇచ్చారు. వాడు ఎడమవైపుకు చుట్టాడు. కుళాయి బిగిస్తుంటే టేపంతా ఊడి ముద్దయి బయటికొచ్చింది. కుళాయి బిగించే వైపుకే, అంటే మరలు మనవైపు పెట్టుకుని చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపుకే చుట్టాలి. రెండోసారి సరిగ్గా కుదిరింది.

తర్వాత సింకు అడుగు. జాలీ, దాని కింది గొట్టం కలిపి వేస్ట్ కప్లింగ్ అంటారు. పాతదాని రబ్బరు ముక్కలై రాలింది. కొత్తది వేసి, ముడతల పైపు తీసేసి బాటిల్ ట్రాప్ పెట్టాం. సీసా ఆకారంలో ఉంటుంది. సింకు నీళ్లు అందులోకి దిగి, మళ్లీ కొంచెం పైకి లేచి బయటికి పోతాయి. అందుకని అడుగున ఎప్పుడూ కొన్ని నీళ్లు నిలిచే ఉంటాయి. ఆ నీళ్లే తలుపు. పైనుంచి నీళ్లు పోతాయి, కిందినుంచి గాలీ పురుగులూ రావు. ఈ ఉపాయం చాలా పాతది. అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల తయారీదారు 1775లోనే మరుగుదొడ్డికి ఎస్ ఆకారపు వంపు పైపు పెట్టి పేటెంటు తీసుకున్నాడు.

అమ్మమ్మ ఇంట్లో ఇవేవీ లేవు. నూతి దగ్గర రాతి పలక మీద గిన్నెలు తోముతుంది, ఆ నీళ్లు కాలవలో పడి అరటి మొక్కలకు పోతాయి. ఆరుబయట కాబట్టి వాసన ఎటో పోతుంది. తూమును ఇంటి లోపలికి తెచ్చుకున్నాకే వంపు పైపు అవసరం వచ్చింది.

ట్రాపు మరలను నాన్న చేత్తోనే బిగించమన్నారు. ప్లాస్టిక్‌ను పానాతో బిగిస్తే పగులుతుందట. లోపలి వాషరు ఒక వైపు సన్నగా, ఒక వైపు మందంగా ఉంటుంది. సన్న వైపు ట్రాపు లోపలికి ఉండాలి. మాలో పెద్దది దాన్ని తిరగేసి పెట్టింది. చివరికి పైపుకూ తూముకూ మధ్య సందును వైట్ సిమెంటుతో మూశాం.

పరీక్ష కూడా నాన్నే నేర్పారు. సింకు అడుగు మూసి నిండా నీళ్లు పట్టి ఒక్కసారిగా వదలాలి. కింద పొడి వార్తాపత్రిక పరిచి చూడాలి. కంటికి కనిపించని చుక్క కాగితం మీద మచ్చగా కనిపిస్తుంది. ఒక మచ్చ పడింది. తిరగేసిన వాషరు దొరికిపోయింది. సరిచేసి మళ్లీ నీళ్లు వదిలాం. ఈసారి కాగితం పొడిగానే ఉంది. మొత్తం ఖర్చు 1,075 రూపాయలు. పట్టిన సమయం, రెండు తప్పులతో కలిపి, మూడు గంటలు. ఆ పూట అన్నం రెండున్నరకు తిన్నాం.

బాగు చేయడం ఒక రోజు పని, బాగా ఉంచడం రోజూ చేసే పని అని తర్వాతి నెలల్లో తెలిసింది. చలికాలంలో ఒకరోజు సింకులో నీళ్లు నెమ్మదిగా దిగాయి. విప్పి చూస్తే ట్రాపులో మూకుడు కడిగిన నూనె గడ్డకట్టి, దానికి టీ పొడి, అన్నం మెతుకులు అతుక్కున్నాయి. అప్పటినుంచి మూకుడును పాత కాగితంతో తుడిచి తర్వాతే కడుగుతున్నాం. బజారులో తూము శుభ్రం చేసే పొడి దొరుకుతుంది. అందులో కాస్టిక్ సోడా ఉంటుంది. నీటితో కలిస్తే బాగా వేడెక్కుతుంది, కంట్లో పడితే చూపుకే ప్రమాదం. పిల్లలు దాని జోలికి వెళ్లకూడదు. ట్రాపు కింద బకెట్టు పెట్టి అడుగు మూత విప్పితే చెత్త అంతా చేతికే వస్తుంది.

మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. కుళాయి మూతిలోని చిన్న జల్లెడ నెల తిరిగేసరికి తెల్లగా పట్టేసి ధార సన్నబడింది. దాన్ని విప్పి నిమ్మరసంలో రాత్రంతా ఉంచాం. చిన్న చిన్న బుడగలు వచ్చి సున్నం కరిగింది. సైన్సు పుస్తకంలో ఆమ్లం, కార్బొనేట్ పాఠం చదివినప్పుడు మార్కులకోసం చదివాం. ఇప్పుడు గ్లాసులో చూశాం.

వేసవి సెలవులకు వెళ్లేవాళ్లు ముఖ్యంగా ఒకటి గుర్తుపెట్టుకోండి. ఇక్కడి ఎండలకు ఎక్కువ రోజులు వాడని తూముల్లో నీరు ఆవిరైపోతుంది. నీళ్ల తలుపు తెరుచుకుంటుంది. కొత్త క్వార్టరు తాళం తీయగానే వచ్చే ఆ వాసన చాలాసార్లు దీనివల్లే. ఇది వాసనతో పోయే విషయం కూడా కాదు. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అనే అపార్టుమెంట్లలో సార్స్ జబ్బు 300 మందికి పైగా సోకింది. స్నానాల గదుల తూముల వంపుల్లో నీరు ఎండిపోయి, మురుగు పైపుల గాలి ఆ దారిన ఇళ్లలోకి రావడం అందుకు ఒక కారణమని నిపుణులు తేల్చారు. ఊరి నుంచి రాగానే ప్రతి తూములో ఒక చెంబు నీళ్లు పోస్తే చాలు.

ఇక నోటు పుస్తకం సంగతి. మా బడిలో హిందీ, సంస్కృతం, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. మాటలు వచ్చినా ఒత్తులు చదవడం కష్టంగా ఉండేది. అలుక్కుపోయిన పేజీలను కొత్త పుస్తకంలోకి ఎక్కించే పని మేమే అడిగి తీసుకున్నాం. చదవలేని చోట రాత్రి అమ్మమ్మకు ఫోన్ చేసేవాళ్లం.

"ఆవపిండి ఎంత అమ్మమ్మా? అంకె కనిపించడం లేదు."

"ఎంతేటర్రా? సోలెడు."

"సోలెడు అంటే?"

నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ఆ లెక్క మాకు అలా వచ్చింది. ఆరు వారాల్లో 41 పేజీలు ఎక్కించాం. ఇప్పుడు తెలుగు మాకు తడుముకోకుండా చదవడం వచ్చు. ఈ వ్యాసం కూడా మేమే రాశాం, అమ్మ తప్పులు దిద్దింది.

తాతయ్య పేజీలు మాత్రం రాయలేకపోయాం. అమ్మమ్మను అడిగితే "ఆ లెక్క ఆయనకే తెలుసు. తొమ్మిదో రోజున నీరు పడింది, ఆ రోజు అందరికీ పాయసం వండేను, అంతే నాకు తెలుసు" అంది. కొత్త పుస్తకంలో చివరి రెండు పేజీలు వదిలి, ఆ ఒక్క వాక్యం రాశాం. మిగతాదంతా ఖాళీ.

పోయిన నెల నాన్నకు క్వార్టరు వచ్చింది. మళ్లీ సామాను కట్టాం. అమ్మ ఏమీ అనకముందే సింకు తలుపు లోపల ఒక కాగితం అంటించాం. మేడ మీద వాల్వు ఎక్కడుందో, ఏ వైపు తిప్పాలో, ట్రాపు ఎలా విప్పాలో, జల్లెడ ఎప్పుడు కడగాలో రాశాం. పైన హిందీలో, కింద తెలుగులో. వచ్చేది ఏ భాషవాళ్లో తెలియదు కదా. కాగితం పక్కనే చిన్న ప్లాస్టిక్ సంచిలో రెండు వాషర్లు, మిగిలిన టేపు వేలాడదీశాం. నాన్న చూసి, "ఎలాగూ వెళ్లిపోతున్నాం కదర్రా" అని నవ్వి, ఆ సంచి మేకు ఊడకుండా ఇంకో దెబ్బ కొట్టారు.

కొత్త క్వార్టరులో మొదట వంటిల్లు చూశాం. సింకు కింద పొడి కాగితం పరిచాం. పొద్దున్నకి ఒక మచ్చ పడి ఉంది. ఈ ఆదివారం పని ఉంది. మీరు కూడా ఈ రాత్రి మీ సింకు కింద ఒక కాగితం పరిచి చూడండి. అక్కడ విప్పని పెట్టె ఏదైనా ఉంటే ముందు దాన్ని తీసి పైన పెట్టండి.

— అక్క (9వ తరగతి), తమ్ముడు (6వ తరగతి)